గొడుగుతో కట్టిన నేస్తం

మా ఉద్దానంలో ఒకప్పుడు నేస్తం ఊరికే అయ్యేది కాదు, కట్టాల్సి వచ్చేది. పెళ్ళికి ఎంత హంగామా ఉండేదో దానికీ ఇంచుమించు అంతే. అసిరితల్లి గుడి ఎదుట ఇద్దరు ఆడపిల్లలో, ఇద్దరు మగపిల్లలో ఎదురెదురుగా పీటల మీద కూర్చోవాలి. ఒకరి దోసిట్లో ఒకరు బియ్యం, పసుపు, వక్క పొయ్యాలి. ఒకే ఆకులో బెల్లమన్నం తిని "నేస్తమా" అని పిలుచుకోవాలి. ఆ తర్వాత చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకకూడదు. రెండిళ్ళ తల్లులూ వదినలైపోతారు. నేస్తం తల్లి మన తండ్రికి చెల్లెలవుతుంది. నేస్తం ఇంటివాళ్ళు కూటికి లేక ఊరు విడిచిపోతే ఆ పాపం రెండో ఇంటిది. అసిరితల్లి ఊరుకోదు.

నేస్తానికి మనసులు కలవాలని ముసలమ్మలు అనేవారు. ఇంత చక్కటి ఆచారాన్ని మనసుల కోసం వృథా చెయ్యడం మా ఊరి పెద్దమనుషులకి నచ్చలేదు. తాహతులు కలవాలి, తోటల గట్లు కలవాలి, వీలైతే అవతలివాడికి సర్కారు ఉద్యోగం కూడా ఉండాలి అని వాళ్ళు తేల్చారు. పీటల మీద కూర్చున్న పిల్లలు అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూశారో లేదో అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

ఢిల్లీలో చక్రవర్తికి దర్బారు జరిగిన ఏడు, నందిగాం సోమేశ్వరరావు తన కొడుకుకీ టెక్కలి ఠాణా అమీనుగారి కొడుకుకీ నేస్తం కట్టించాడు. ఆ కబురు వచ్చిన నాడు మా ఊరి బంగారయ్యకి అన్నం సహించలేదు. మా ఊళ్ళో సగం కొబ్బరితోట ఆయనదే. తోటకి తగ్గ మీసమూ ఉంది. లేనిదల్లా అమీనుగారిలాంటి నేస్తం. ఆయనకి కొడుకులు లేరు, సత్యవేణి ఒక్కతే కూతురు. పద్నాలుగేళ్ళది. ఆ పిల్ల ఇంట్లో ఉండగా తనకేం తక్కువ అనుకున్నాడు. అమీనుని మించినవాడు ఎవరా అని వెతికితే నౌపడాలో ఉప్పు ఇనస్పెక్టరు కనిపించాడు. ఉప్పుమన్ను గోకితే పట్టుకుపోయే బంట్రోతులందరూ ఆయన కింద వాళ్ళే. ఆయనకి ఒక కూతురుందని తెలియగానే బంగారయ్య బండెడు కొబ్బరికాయలూ కుండెడు నెయ్యీ పంపాడు. ఇనస్పెక్టరుగారు నెయ్యి రుచి చూసి సరే అన్నారు.

సత్యవేణిని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పి ఉండేది. దానికి నేస్తం అప్పటికే ఉంది.

ఆ నేస్తం పేరు పైడి. బంగారయ్య పెరటి వెనక కొబ్బరిపీచు కొట్టే పాక ఉండేది. అక్కడ ఎర్రమ్మ అనే ఆవిడ నానిన డొక్కలు కర్రతో కొట్టి పీచు తీసేది. మొగుడు లేడు. కూతురు పైడి ఆ పీచుని తాడుగా పేనేది. సత్యవేణి ఈడుదే. పాకలోకి వెళ్ళి కూర్చోకూడదని సత్యవేణికి ఆంక్ష, ఇంటి అరుగు ఎక్కకూడదని పైడికి ఆంక్ష. కానీ పని ఉంటే పిలవచ్చు. కాబట్టి సత్యవేణికి రోజంతా పనులే. ముక్కుపుడక పడిపోయింది, వెతకడానికి పైడి రావాలి. నూతిలో చేద పడిపోయింది, తియ్యడానికి పైడి రావాలి. అన్నిటికన్నా మంచి పని జడ. తాడు పేనే చేతులు కదా, పైడి వేసిన జడ రెండు రోజులైనా చెక్కు చెదిరేది కాదు. అయినా సత్యవేణి పొద్దున వేయించుకున్నది మధ్యాహ్నానికి తనే విప్పేసుకుని "పైడీ, జడ ఊడిపోనాది!" అని కేకేసేది. జడ అల్లుతున్నంతసేపూ ఇద్దరూ గుసగుసలాడుకుని కిలకిల నవ్వుకునేవారు. దొరలింటి పిల్ల తల పనిపిల్ల ముట్టుకుంటే సేవ అంటారు కాబట్టి ఎవరికీ తప్పుగా తోచలేదు.

ఇదంతా తెలిసినది ఒక్క రత్నాలమ్మకే. ఆవిడ బంగారయ్య భార్య. మూలపేట పిల్ల. చిన్నప్పుడు ఆవిడకీ అక్కడ వలలు అల్లేవాళ్ళింట ఒక నేస్తం ఉండేది. పెళ్ళయ్యాక తాహతు చాలదని బంగారయ్య ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. అందుకే కాబోలు, కూతురి జడ రోజుకి ఎన్నిసార్లు ఊడిపోయినా ఆవిడ చూడనట్టే ఉండేది.

నేస్తం కట్టే రోజు వచ్చింది. ఊరంతా పొద్దున్నే గుడి దగ్గర చేరాం. నేనప్పుడు సత్యవేణి కన్నా కాస్త చిన్నదాన్ని, మా నాన్న పక్కన నిలబడి అంతా చూశాను. సత్యవేణి పట్టుపరికిణీ కట్టుకుని ఒక పీట మీద కూర్చుంది. దాని మొహం పాచిపోయిన పెరుగు తిన్నట్టుంది. రెండో పీట ఖాళీ. నౌపడా నుంచి బండి వచ్చింది. బండిలోంచి ఇనస్పెక్టరుగారి అమ్మాయి దిగుతుందని అందరం మెడలు చాచాం. దిగినవాడు బంట్రోతు. వాడి చేతిలో నీలం పట్టు గొడుగు, అంచుకి జాలరు.

"అమ్మాయిగారికి జలుబు. ఇసకలో నడిత్తే పాదాలు కందిపోతాయని అమ్మగారు వద్దన్నారు. అయ్యగారు ఈ గొడుగు పంపినారు. అమ్మాయిగారిదే. దీంతో కానిచ్చీమన్నారు" అన్నాడు బంట్రోతు.

బంగారయ్య మొహం నల్లబడింది. మామూలు మనిషికైతే అది అవమానమని అర్థమయ్యేది. పెద్దమనుషులకి ఆ బాధ ఉండదు. క్షణంలో ఆయన మీసం మళ్ళీ లేచింది.

"రాజులు ఏటి సేత్తారు? పెళ్ళికొడుకు రానేకపోతే కత్తి పంపుతారు. పెళ్ళికూతురు ఆ కత్తినే పెళ్ళాడతాది. ఇనస్పెక్టరుబాబు మనల్ని రాజులకింద జమకట్టినారు! ఎట్టండి గొడుగుని పీట మీద!" అన్నాడు.

గొడుగుని పీటకి ఆనించి నిలబెట్టారు. అది జారి పడింది. మళ్ళీ నిలబెట్టారు. పూజారి సన్యాసిరావు తల గోక్కున్నాడు.

"బాబూ, కత్తి నోరిప్పక్కర్నేదు, మెడ వంచితే సాలు. నేస్తానికి మాట గావాల. బెల్లమన్నం తినాల. గొడుగు తింతాదేటి?"

"మరేటి సేద్దాం?"

"ఎవులో ఒక ఆడగుంట గొడుగు పట్టుకు కూకోవాల. గొడుగు తరపున తినాల, గొడుగు తరపున పలకాల."

చుట్టూ పట్టుచీరల్లో, పూలజడల్లో మేమంతా ఉన్నాం. బంగారయ్య ఒక్కొక్క తండ్రి మొహమే చూశాడు. ఒక్కొక్క తండ్రీ ఆకాశం చూశాడు. ఒకరికి గొడుగు పట్టడం బంట్రోతుల పని, బోయీల పని. "మా గుంట ఒకలికి గొడుగు పట్టీ రకం కాదు మావా" అని మా నాన్న అందరికన్నా గట్టిగా అన్నాడు. మా ఇంట్లో తాటాకు గొడుగు తప్ప మరొకటి లేదు, అదీ చిల్లులది. పరువు మాత్రం చిల్లు లేకుండా చూసుకునేవాడు పాపం.

ఎండ ఎక్కుతోంది, ముహూర్తం దాటిపోతోంది. అప్పుడు బంగారయ్య కళ్ళు గుడి పక్కన నిలబడ్డ పైడి మీద పడ్డాయి. ఆ పిల్ల పూలబుట్ట మోసుకొచ్చి, ఇంటికి పొమ్మని ఎవరూ అనకపోతే అక్కడే ఉండిపోయింది.

"ఒలే పైడీ, ఇలగ రా. ఈ గొడుగు పట్టుకు కూకో."

పైడి పీట వైపు చూసి, వెనక నిలబడ్డ తల్లి వైపు చూసి, సత్యవేణి వైపు చూసింది. సత్యవేణి మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. అంత వెలుగు దాస్తే దాగుతుందా? బంగారయ్యకి కనిపించలేదు. ఆయన గొడుగుకి దణ్ణం పెడుతున్నాడు.

పైడి కూర్చుంది. సత్యవేణి దోసిట్లోంచి బియ్యం పైడి దోసిట్లోకి జారాయి. పీచు గీసుకుపోయి ఎర్రబడ్డ ఆ చేతుల్లో పసుపు పడింది. ఒకే ఆకులో ఇద్దరూ తిన్నారు. సత్యవేణి "నేస్తమా" అంది. పైడి తలెత్తి దాని మొహంలోకి చూసింది. "నేస్తమా" అంది. ఇన్నేళ్ళలో ఎన్ని నేస్తాలు చూశానో, అలాంటి పిలుపు మళ్ళీ వినలేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకు ఏడుస్తున్నావని మా నాన్న నెత్తిన మొట్టాడు.

మర్నాడు పొద్దున్న బంగారయ్య చద్దన్నం తింటూ ఉండగా పెరట్లోంచి కేక వినిపించింది. "నేస్తమా, జడ ఊడిపోనాది!" ఆయనకి పొలమారింది. నీళ్ళు తాగి కూతుర్ని పిలిచాడు.

"ఎవులే నీకు నేస్తం?"

"పైడి. దాని సేతిలోనే కదా బియ్యం పోసాను. దాంతోనే కదా తిన్నాను. పేరు పలికితే తల్లికి కోపం వత్తాది, నేస్తమా అని పిలవాల. ఇప్పుడు మీరు అడిగినారని సెప్పినాను" అంటూ చెంపలేసుకుంది.

పూజారికి కబురెళ్ళింది. సన్యాసిరావు వచ్చి, అరుగు మీద ఒలిచి పెట్టిన కొబ్బరికాయల గుట్ట చూసి, చాలాసేపు ఆలోచించాడు. తిన్న నోరు పైడిదే గానీ నేస్తం మాత్రం గొడుగుదేనని తీర్పిచ్చాడు. కొబ్బరికాయలు ఎత్తించుకుంటూ, "తల్లికి ఏ తీర్పు నచ్చుద్దో ఏడాది తిరిగితే తెలుత్తాది. మళ్ళీ ఇదే రోజుకి ఇద్దరూ ఒకే ఆకులో తినాల. నేకపోతే అరిష్టం" అని ఒక ముడి వేసి వెళ్ళాడు.

అప్పట్నించీ ఆ ఇంట్లో గొడుగు వైభోగం చూడాలి. నడవాలో దానికి ఒక చిలక్కొయ్య కేటాయించారు. ఉగాదికి కొత్తబట్ట కప్పారు. పండగపూట పీట వేసి, ఆకు వేసి, ముందు దానికి వడ్డించి ఆ తర్వాత బంగారయ్య తినేవాడు. అది చూడ్డానికి పలాస నుంచి కూడా చుట్టాలొచ్చేవారు. ఒక రోజు బంగారయ్య దాన్ని తీసుకుని నందిగాం వెళ్ళాడు, సోమేశ్వరరావుకి చూపించి రావాలని. దారిలో వాన పట్టుకుంది. ఆయన తన ఉత్తరీయం విప్పి గొడుగుకి చుట్టి, చంకలో పెట్టుకుని, ఒళ్ళంతా తడిసి ఇంటికొచ్చాడు. వారం రోజులు జ్వరం. గొడుగుకి మాత్రం ఒక్క చుక్క తగల్లేదు.

గొడుగు నీడలో ఉండగా పైడి ఎండలోనే తాడు పేనుతూ ఉంది. సత్యవేణి ఇదివరకట్లాగ నవ్వడం మానేసింది. తండ్రి వినేటట్టు "నేస్తమా" అని పిలిస్తే ఆయన నడవాలోకి చెయ్యి చూపించేవాడు. "అదుగో, సిలక్కొయ్యకి ఉన్నాది. దాంతో మాటాడుకో."

ఇంతలో నౌపడాకి వెళ్ళిన కొబ్బరికాయల బండి కాయలతోనే తిరిగొచ్చింది. ఇనస్పెక్టరుగారికి మద్రాసు అవతలెక్కడికో బదిలీ అయిందట. వెళ్ళేముందు కబురైనా పంపలేదు. కొత్తగా వచ్చినాయన బండివాణ్ణి నిలదీశాడట, ఏ గొడుగు, ఎవరి గొడుగు అని. ఇంకొకడైతే ఆ రోజే గొడుగుని అటకెక్కించేవాడు. బంగారయ్య మాత్రం ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అది వట్టి గొడుగని ఒప్పుకుంటే ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది దేనికని ఊరు అడుగుతుంది కదా.

ఆ ఏడు తోటలో పిందెలు రాలాయి. తల్లికి కోపమొచ్చిందని ముసలమ్మలు అన్నారు. బంగారయ్యకి భయం పట్టుకుంది. భయపడి ఆయన చేసిన పని ఏమిటంటే, కూలిగింజలు కొలిచే కుంచం బదులు చిన్న కుంచం పెట్టించాడు. ఎర్రమ్మ ఇంట్లో పొయ్యి పూట విడిచి పూట వెలగసాగింది. అప్పట్లో మా తీరంలో కూటికి లేనివాళ్ళందరికీ ఒకటే దారి, రంగం. రంగూన్‌ని మావాళ్ళు అలాగే అనేవారు. బియ్యం మిల్లులకి మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీ పోలారావు ఊళ్ళోకి వచ్చాడు. పలాసలో రైలెక్కి, గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కాలి. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళని మేం పెద్దగా ఎరగం. ఎర్రమ్మ తానూ పైడీ వస్తామని మాటిచ్చేసింది.

సత్యవేణి తండ్రి కాళ్ళ మీద పడింది.

"నేస్తం ఎల్లిపోతంది నాన్నా. ఆపండి. మీరు ఒక్క మాటంటే ఆగిపోద్ది. తోట మూల ఒక పాక ఏసుకోనిత్తే సాలు, నా వాటా కూడు పెడతాను."

"నేస్తం ఎక్కడికీ ఎల్లదు. బట్ట కప్పుకుని సుఖంగా ఉన్నాది సూడు" అన్నాడు బంగారయ్య.

రత్నాలమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది.

ఏడాది తిరిగి ఆ రోజు వచ్చింది. మళ్ళీ గుడి, మళ్ళీ పీటలు, మళ్ళీ మేము. రత్నాలమ్మ బెల్లమన్నం వండి తెచ్చింది. బంగారయ్య గొడుగుని రెండు చేతులా మోసుకొచ్చి పీటకి ఆనించాడు. అది అలవాటు ప్రకారం జారి పడింది. అందరికీ అప్పుడు గుర్తొచ్చింది, గొడుగుకి నోరు కావాలి.

"పైడేదీ?" అన్నాడు బంగారయ్య.

"రంగం జనంతో ఇందాకే బయలెల్లింది కదా బాబూ. పలాస దారిలో ఉంతాది" అన్నారెవరో.

బంగారయ్య మళ్ళీ ఒక్కొక్క తండ్రి మొహమూ చూశాడు. మళ్ళీ అందరూ ఆకాశం చూశారు. "అప్పుడే సెప్పినాను కదా మావా, మా గుంట ఆ రకం కాదని" అన్నాడు మా నాన్న. ఏడాదిలో ఆయన పరువు కాస్త పెరిగింది కూడాను. పూజారి అరిష్టం సంగతి గుర్తు చేశాడు. రాలిన పిందెలు బంగారయ్య కళ్ళ ముందు కనపడ్డాయి. పంచె ఎగ్గట్టి ఇసకదారిలో పలాస వైపు పరుగు తీశాడు. ఆయన వెనక పూజారి, పూజారి వెనక ఊరంతా. అంత ఉత్సవం మా ఊరి అమ్మవారి జాతరలో కూడా చూడలేదు.

ఊరి పొలిమేర దాటకముందే అందుకున్నాం. నెత్తిన మూటలతో రంగం జనం నడుస్తున్నారు. చివర్న ఎర్రమ్మ, పైడి.

"ఆగవే పైడీ! ఒక్కసారి వచ్చి గొడుగు పట్టి ఎల్లిపో. సీర పెడతాను."

పైడి ఆగింది. "గొడుగు పట్టడానికి రాను బాబూ. నేస్తంగా పిలిత్తే వత్తాను" అంది. ఆ పిల్ల అంత మాటంటుందని ఎవరూ అనుకోలేదు. తనూ అనుకోలేదేమో, తల్లి కొంగు గట్టిగా పట్టుకుంది.

"అయితే రంగం ఎల్లకండి. తోట మూల సోటు ఇత్తాను, పాక ఏసుకోండి" అన్నాడు బంగారయ్య.

"సోటొద్దు బాబూ" అంది ఎర్రమ్మ. "మా గుంట నోటితో నేస్తం కట్టించినారు. అయితే నాను మీకేటవుతాను? ఆ మాట ఒక్కటి అనండి. సాలు."

ఆ మాట ఏమిటో అందరికీ తెలుసు. చెల్లీ అనాలి. బంగారయ్య నోరు తెరిచాడు. మూశాడు. "ఆ మూల కొబ్బరిసెట్లు కూడా మీయే" అన్నాడు.

ఎర్రమ్మ కదల్లేదు.

"పనస సెట్టు కూడా ఇత్తాను."

"మాట సాలు బాబూ."

"నుయ్యి! నుయ్యి కూడా తీసుకోండి! ఊరంతా ఇనండి, ఇచ్చీసినాను!" ఆయనకి చెమటలు కారిపోతున్నాయి. చెట్లు ఇవ్వగలుగుతున్నాడు, నుయ్యి ఇవ్వగలుగుతున్నాడు, ఆ చిన్నమాట మాత్రం గొంతు దాటడం లేదు. ఇంకాసేపు ఉంటే తోటంతా ఇచ్చేసేవాడేమో, ఆ మాటొక్కటి దాచుకుని.

"బేగి తేల్చండి, రైలు మీకోసం ఆగదు" అన్నాడు మేస్త్రీ పోలారావు. ఎర్రమ్మ నిట్టూర్చి మూట సర్దుకుంది.

అప్పుడు సత్యవేణి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. దాని చేతిలో నీలం గొడుగు ఉంది. ఏడాదిగా ఎవరూ తెరవని గొడుగుని టప్పున తెరిచింది. లోపల్నుంచి బొద్దింకలు రాలాయి. పట్టంతా చిల్లులు. పరుగున వెళ్ళి దాన్ని పైడి నెత్తి మీద పట్టింది.

ఊరంతా నోరెళ్ళబెట్టింది. బంగారయ్య కూతురు పీచుకొట్టే ఎర్రమ్మ కూతురికి గొడుగు పడుతోంది! మా నాన్న నా కళ్ళు మూయబోయాడు, చూడకూడనిదేదో చూస్తున్నట్టు.

"దించీ నేస్తమా, అందరూ సూత్తన్నారు" అంది పైడి. గొడుగు చిల్లుల్లోంచి ఎండ దాని మొహమంతా చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"సూడనీ. సూడాలనే పట్టాను" అంది సత్యవేణి. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి గానీ చెయ్యి దించలేదు. "పలాస దాకా పడతాను. రైలెక్కీదాకా పడతాను. నువ్వు రంగం ఎల్లిపోతే నాకు జడెవులేత్తారు?"

"కాళ్ళిరగ్గొడతాను! ఇంటికి పద!" అని బంగారయ్య అరిచాడు. సత్యవేణి వినిపించుకోలేదు. పైడి చెయ్యి పట్టుకుని పలాస వైపు అడుగేసింది.

జనం మధ్యలోంచి రత్నాలమ్మ వచ్చింది. పెళ్ళైన నాటి నుంచీ ఆవిడ మొగుడికన్నా ముందు నడవగా ఎవరూ చూడలేదు. ఆ రోజు ఆయన పక్కనుంచే దాటి వెళ్ళింది. చేతిలో బెల్లమన్నం ఆకు. ఎర్రమ్మ ఎదురుగా నిలబడింది.

"వదినా," అంది. "పిల్లలు పొద్దుట్నుంచీ ఏటీ తిన్నేదు. ఇంటికి పోదాం రా."

ఎర్రమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏటే నువ్వంతన్నది?" బంగారయ్య గొంతు కీచుమంది. "ఎవుల్నడిగి అన్నావు?"

"మూలపేటలో నా నేస్తం సచ్చిపోయిందని కబురొచ్చిన నాడు మిమ్మల్ని అడిగాను. ఎల్లొద్దన్నారు. నోరు మూసుకున్నాను. ఆ నాడు ఏడిసిన ఏడుపు మీకు తెల్దు, నీళ్ళపొయ్యి కాడ ఏడిసాను. నా కూతురికి ఆ ఏడుపొద్దు. అందుకే ఈ నాడు అడగనేదు." ఆవిడ పూజారి వైపు తిరిగింది. "ఏటయ్యా, రెండిళ్ళలో ఎవులో ఒకలు వరస కలిపితే సాలు కాదేటి?"

సన్యాసిరావు బంగారయ్యని చూశాడు, ఆకులోని బెల్లమన్నం చూశాడు, ఆకలిగా ఉన్న జనాన్ని చూశాడు. "సాలమ్మా" అన్నాడు. ఆ రోజు ఆయనకి కొబ్బరికాయలు గుర్తు రాలేదు.

"మరి ఎల్తే ఎక్కడుంతాం వదినా?" అంది ఎర్రమ్మ మెల్లగా.

"తోట మూల సోటుంది. కొబ్బరిసెట్లున్నాయి, పనస సెట్టుంది, నుయ్యుంది. ఇందాక ఊరంతా ఇన్నాది, ఇచ్చీసినారు కదా" అంది రత్నాలమ్మ.

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మేస్త్రీ పోలారావు ఇద్దరు మనుషులు తగ్గారని గొణుక్కుంటూ పలాస దారి పట్టాడు. సత్యవేణి, పైడి గొడుగు కిందే దారి పక్కన చతికిలబడి ఆకు విప్పారు. ఒకే ఆకులో తిన్నారు. "తిన్నావేటి నేస్తమా?" అంది ఒకతె. "నువ్వు తిను నేస్తమా" అంది ఇంకొకతె. ఏడుస్తూ తింటుంటే ఇద్దరికీ పొలమారింది.

అందరం ఊరివైపు తిరిగాం. పిల్లలిద్దరూ గొడుగు ఊపుకుంటూ ముందు పరుగెత్తారు. బంగారయ్య మాత్రం ఇసకలో అలాగే నిలబడిపోయాడు, ఎండలో, మీసం కిందికి వాలి. ఎర్రమ్మ కొంత దూరం వెళ్ళినదల్లా ఆగి, మూట చంకకి మార్చుకుని, వెనక్కి వచ్చింది.

"రా అన్నయ్యా," అంది. "ఎండలో ఎంతసేపు నిలబడతావు?"

బంగారయ్య గబుక్కున వెనక్కి తిరిగి చూశాడు, ఎవర్ని పిలుస్తోందా అని. ఆయన వెనక ఎవరూ లేరు.